అల్పదోషము, యంత్రనాశము



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుల సన్నిధిని చదివినది కావ్యమును, వ్యాకరణమును. అట్టివానికి మోటారు ఇంజనును గూర్చి ప్రసంగించుటకు అధికారమెక్కడిదని మీలో కొందఱు సందేహింపవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. అయినను కొన్ని యేండ్ల క్రిందట నా కారు ఇంజను నడిరోడ్డుపై బిగుసుకొనిపోయినది. దానిని విప్పి చూపిన నా పూర్వశిష్యుని మాటలు విన్న పిమ్మట, నేను జీవితమంతయు చెప్పిన వ్యాకరణమునకును, వాడు చేయు పనికిని దగ్గఱి చుట్టఱికము కలదని నాకు తోచినది. ఆ చుట్టఱికమును మీకు విన్నవించుటకే నేటి ప్రసంగము.

ముందుగా ఒక పాతకథ. త్వష్ట కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు సంహరించెను. త్వష్ట కోపించి, ఇంద్రుని చంపగల కుమారుని బడయగోరి హోమము చేసెను. అతడు పలికిన మంత్రములో 'ఇంద్రశత్రు' అను సమాసము కలదు. స్వరము సమాసము చివర నిలిచినచో అది తత్పురుషము. ఇంద్రుని చంపువాడు అని యర్థము. స్వరము మొదటి పదముపై నిలిచినచో అది బహువ్రీహి. ఇంద్రుడే చంపువాడుగా గలవాడు అని యర్థము. పలుకుటలో స్వరము మొదటికి జరిగినది. వృత్రుడు పుట్టెను గాని, ఇంద్రుని చేతనే చచ్చెను. వ్యాకరణమెందులకు చదువవలెనో చెప్పుచు పతంజలి మహాభాష్యారంభమున ఈ యుదాహరణమునే స్మరించెను.

ఇందులో ఒక విషయము గమనింపుడు. ఆ సమాసమునందలి రెండు పదములును నిర్దుష్టములే. అక్షరము తగ్గలేదు, పెరుగలేదు. దోషమంతయు కూర్చిన తీరులో నున్నది. ఇంజను చరిత్రయు మనకు చెప్పునది ఈ మాటయే.

ఇంజనులోపల జరుగునదేమి? సిలిండరులో ఇంధనము మండి పిస్టనును త్రోయును. ఆ త్రోపును కనెక్టింగు రాడ్డు అందుకొని క్రాంకు షాఫ్టును త్రిప్పును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో, షాఫ్టు ఒక్క సెకనులో 50 చుట్లు తిరుగును. పిస్టను ఆ సెకనులోనే 100 మారులు ఆగి వెనుకకు మఱలును. ఇంత వేగముతో తిరుగు షాఫ్టు, తనను మోయు బేరింగును తాకరాదు. రెంటి నడుమ నూనె పొర యుండవలెను. ఆ పొరకు విడిచిన సందు సుమారు మిల్లీమీటరులో ఇరువదవ వంతు. తలవెండ్రుక మందమునకు మించదు. ఆ పలుచని పొర నిలిచియున్నంత వఱకు లోహము లోహమును ఒరయదు. అది తెగిన క్షణమున ఒరిపిడి పుట్టును. ఒరిపిడి వలన వేడి పుట్టును. వేడికి బేరింగు పైపూత కఱగి షాఫ్టునకు అంటుకొనును. తరువాత ఇంజను పాత యినుము.

ఇట్టి సన్నని సందులను మానవుడు తన చేతితో నిలుపుట ఎట్లు నేర్చెను? అది నూఱేండ్లకు పైబడిన కథ.

పూర్వము యంత్రములు ఆకురాతితో పుట్టెడివి. పనివాడు షాఫ్టునకు రంగు పూసి, బేరింగులో పెట్టి, ఒకమారు త్రిప్పి తీసి చూచెడివాడు. రంగు అంటిన చోటు మిట్ట. దానిని గోకుడుపనిముట్టుతో గోకును. మఱల రంగు, మఱల త్రిప్పుట, మఱల గోకుట. ఇట్లు గంటలకొలది శ్రమపడి, ఒక షాఫ్టును ఒక బేరింగునకు పెండ్లిచేసెడివాడు. ఆ బేరింగు మఱియొక ఇంజనునకు పనికిరాదు. మరచుట్ల సంగతియు నట్లే. ఒక కర్మాగారపు నట్టు వేఱొక కర్మాగారపు బోల్టునకు ఎక్కెడిది కాదు. 1841లో ఆంగ్లదేశీయుడైన జోసెఫ్ విట్‌వర్తు, మరచుట్ల కోణము 55 డిగ్రీలుగా ఏకరూపముగా నుండవలెనని ప్రతిపాదించెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమున అంగుళములో పదిలక్షలవ వంతును గుర్తింపగల కొలతయంత్రమును చూపెను. కంటిని నమ్మిన కాలము పోయి, కొలతను నమ్ము కాలము అట్లు మొదలైనది.

ఆ నమ్మకమునకు కారు విషయమున పెద్ద పరీక్ష 1908లో జరిగినది. అమెరికాలో కాడిలాక్ కార్లు చేయించిన హెన్రీ లీలాండు తుపాకుల కర్మాగారములలోను, కొలతపనిముట్లు చేయు బ్రౌన్ అండ్ షార్పు సంస్థలోను పని నేర్చినవాడు. లండనులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు అతని కార్లు మూడింటిని బ్రూక్‌లాండ్సు పందెపుబాటకు తెప్పించి, మేకుమేకుగా విప్పించిరి. ఒక్కొక్క కారులో 700లకు పైగా భాగములు. అన్నిటిని ఒక రాశిగా కలిపిరి. అంతటితో తనియక, 89 భాగములను తీసివేసి, వాని స్థానమున కొట్టులోని క్రొత్తవానిని పెట్టించిరి. ఆకురాయి ముట్టరాదు, స్పానర్లతోను, స్క్రూడ్రైవర్లతోను మాత్రమే మఱల మూడు కార్లు నిలుపవలెను. పనివారు నిలిపిరి. ఆ మూడును ఒక్కొక్కటి 500 మైళ్లు నడచినవి. ఆ యేటి డ్యూవార్ ట్రోఫీ కాడిలాక్ సంస్థకు వచ్చెను.

ఆ దినమున యంత్రభాగము నిర్దోషియైనది. ఏ రాడ్డు తెచ్చినను ఏ పిస్టనునకైన కుదురునన్న పిదప, ఇంజను చెడినచో తప్పు భాగముదని అనుట కష్టము. తప్పు భాగమునుండి బయలుదేఱి, భాగమును భాగమును కలుపు చేతికి చేరెను. ఈ సంక్రమణమును మనము సామాన్యముగా గుర్తింపము.

తరువాతి యడుగు 1913లో డిట్రాయిటు దగ్గఱి హైలాండ్ పార్కున పడినది. హెన్రీ ఫోర్డు కర్మాగారములో పని మనుష్యునియొద్దకు నడచివచ్చు పద్ధతి ఆ యేట మొదలైనది. 1914 నాటికి ఒక కారు చట్రమును కూర్చుటకు పట్టు కాలము పండ్రెండున్నర గంటలనుండి గంటన్నరకు దిగినది. పూర్వము ఒక్కడే మొదలుపెట్టి ముగించిన ఇంజను కూర్పు 84 చిన్నపనులుగా విభాగింపబడినది. కార్లు చవుకయైనవి, సామాన్యుడు కారెక్కెను. ఆ మేలును కాదనరాదు. కాని ఒకటి పోయినది. మొదట ఇంజను చేసినవానికి ఇంజనంతయు తెలియును. 84వ మనుష్యునికి తన బోల్టు మాత్రమే తెలియును. 83వ వాడు ఏమి మఱచెనో వానికి తెలియదు. పైమూత పడిన తరువాత ఎవరికిని తెలియదు.

పోయిన యెఱుకను పనిముట్టు కొంతవఱకు పూరించినది. బోల్టు బిగించినప్పుడు అది రవంత సాగును. సాగినది మఱల కుదియగోరును. ఆ కుదింపుబలమే రెండు భాగములను విడనీయక పట్టును. తక్కువగా సాగినచో అదురునకు వదులగును. మితిమీఱి సాగినచో మఱల కుదియు శక్తియే పోవును. సరియైన బిగువు ఎంతయో చేయి చెప్పలేదు. అందులకే 1930ల దశకమున, ఎంత బలముతో త్రిప్పుచున్నామో చూపు టార్కు రెంచి ఇంజను పనివారి చేతికి వచ్చెను. నూఱు చేతులలో ఏ చేయి బిగించినను బిగువు ఒక్కటే కావలెనన్నది దాని యుద్దేశ్యము.

ఇన్ని కట్టుబాట్లున్నను ఇంజన్లు చెడుట మానలేదు. చెడిన తీరులను నా శిష్యుడు చెప్పుచుండగా నేను వానికి వ్యాకరణపు పేళ్లు పెట్టుకొంటిని. అందు మొదటిది లోపము. ఉండవలసినది లేకపోవుట, లేదా తగినంత లేకపోవుట. 2014లో పోర్షె సంస్థవారి 911 జి.టి. 3 కార్లు రెండు ఐరోపాలో మంటలపాలైనవి. విచారింపగా, కనెక్టింగు రాడ్డు బోల్టు వదులై, రాడ్డు ఊడి ఇంజను గోడను పగులగొట్టినదనియు, కాఱిన నూనె వేడిభాగములపై బడి మండినదనియు తేలినది. ఆ రకపు కార్లు 785 అప్పటికి తయారై యుండెను. వానిని నడుపవద్దని యజమానులను హెచ్చరించి, అన్నిటికిని క్రొత్త ఇంజన్లు వేసిరి. లోకమంతట పేరుగన్న సంస్థ, మేలైన లోహము, చెడినది ఒక బోల్టు బిగువు.

రెండవది ఆగమము. వ్యాకరణమున ఆగమము మిత్రునివలె వచ్చి చేరునందురు. ఇంజనులో నది శత్రువు. గుడ్డపీచు, ఇసుకరేణువు, లోహపురజను, ఏదైనను నూనెదారిలో చేరినచో బేరింగు సందులో ఇఱుకుకొనును. 2024 మే నెలలో టొయోటావారు అమెరికాలో సుమారు 1,02,000 వాహనములను వెనుకకు పిలిచిరి. ఇంజను భాగములను కోసినప్పటి లోహపురజను శుభ్రపడక లోపల మిగిలియుండవచ్చుననుటయే కారణము. ఆగమదోషమునకు నూనెచుక్కయు చాలును. అడుగు మూసియున్న బోల్టురంధ్రములో కొంచెము నూనె నిలిచినదనుకొనుడు. ద్రవము నొక్కిన నొక్కుడుపడదు. బోల్టు దిగుచుండగా ఆ నూనెయే ఉలివలె పనిచేసి పోతయినుపదిమ్మెను పగులగొట్టగలదు.

మూడవది వ్యత్యయము, అనగా తారుమారు. షాఫ్టును పట్టు మూతలను దిమ్మెకు బిగించియే రంధ్రము తొలుతురు. కనుక ఏ మూత ఏ స్థానమునదో, ఏ ముఖముగా నుండెనో ఆ స్థానమునకే, ఆ ముఖముగానే మఱల పోవలెను. త్రిప్పి పెట్టినను అది కూర్చొనును, బోల్టులును ఎక్కును, కాని గుండ్రని రంధ్రము గుండ్రముగా నుండదు. అట్లే టైమింగు బెల్టు కొన్ని పండ్లు తప్పి కూర్చున్నచో, పెక్కు ఇంజన్లలో తెఱచియున్న వాల్వును పిస్టను వచ్చి కొట్టును. భాగములన్నియు ఉన్నవి, అన్నియు మంచివే. ఇంద్రశత్రు సమాసమునందు జరిగినదియు ఇదియే.

కారు ఇంజను నిలిచిపోయినచో మనము దిగి చెట్టునీడన నిలుతుము. నిలుచుటకు చోటులేని యింజన్లు కలవు. కూర్పుదోషము నిజస్వరూపమును చూడవలెనన్నచో ఒక్కమారు ఆకాశమువంక చూడవలెను.

1983 మే 5వ తేదీన అమెరికాలోని మయామీనుండి ఈస్టర్న్ సంస్థవారి 855వ నంబరు విమానము బహామా దీవులలోని నస్సావునకు బయలుదేఱెను. మూడు ఇంజన్ల పెద్ద విమానము. లోపల 172 మంది. అంతకుముందు రాత్రి పనివారు మూడు ఇంజన్లలోను నూనెదారిలోని అయస్కాంతపు బిరడాలను మార్చిరి. అరిగిన లోహపురజనును పట్టి చూపుట ఆ బిరడా పని. దానికి నూనె కాఱకుండ రబ్బరు వలయములు తొడుగవలెను. పనిపత్రముమీద ఆ మాట వ్రాసియే యున్నది. పని ముగిసినట్లు సంతకమును పడినది. వలయములు మాత్రము తొడుగలేదు. ఏలయన, ప్రతిదినము వారు తీసికొను అలమరలో బిరడాలు వలయములు తొడిగినవే సిద్ధముగా నుండెడివి. ఆ రాత్రి అలమరలో లేక సరకులగదినుండి తెచ్చిరి. వానికి వలయములు లేవు. చేతికి అలవాటైన దారిలో కన్ను పోలేదు.

విమానము నస్సావునకు దిగుచుండగా నడిమి ఇంజనులో నూనె తగ్గినట్లు దీపము వెలిగెను. దానిని ఆపి, మయామీకే మఱలిరి. పిమ్మట తక్కిన రెండింటి కొలతసూచికలును నూనె లేదనిచూపెను. మూడును ఒక్కమారు ఎట్లు పోవును, సూచికలే తప్పు చెప్పుచున్నవని విమానచోదకులు భావించిరి. సూచికలు నిజమే చెప్పినవి. ఒకదాని వెనుక ఒకటి ఆ రెండును ఆగెను. ఇంజను శబ్దము లేని విమానము 13,000 అడుగుల ఎత్తునుండి సుమారు 4,000 అడుగులవఱకు జాఱెను. సముద్రముమీద దిగవలసివచ్చునని ప్రయాణికులకు చెప్పి, తేలుచొక్కాలు తొడిగించిరి. అప్పుడు, ముందు ఆపియుంచిన నడిమి ఇంజను మఱల అందుకొన్నది. ఆ యొక్క ఇంజనుతో మయామీ చేరిరి. ఒక్క ప్రాణియు పోలేదు.

మూడు ఇంజన్లు ఎందులకు? ఒకటి చెడిన రెండు, రెండు చెడిన ఒకటి యుండుటకు. కాని ఒకే రాత్రి, ఒకే అలవాటు మూడింటిని తాకినప్పుడు, మూడును ఒక్కటితో సమానమే. తరువాతి విచారణలో అదే సంస్థలో ఇట్టి వలయముల పొరపాట్లు అంతకుముందును జరిగినట్లు బయటపడినది. ఈ ఘట్టమును చదివినప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టినది అది. తప్పు ముందే పలుమారులు పలికినది. వినినవారు దానిని ఎవరో ఒకరి అజాగ్రత్తగా లెక్కించిరి.

ఇక నా కారు సంగతి. ఇంజను క్రింది నూనెతొట్టికి గాస్కెట్టు మార్పించి, మూడువారములు గడచెను. వేసవిలో గుంటూరునుండి వినుకొండ పోవుచుండగా నూనెదీపము ఒకమారు మిణుకుమని ఆఱెను. నేను లక్ష్యపెట్టలేదు. మఱికొంతదూరమున లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు; తరువాత నిశ్శబ్దము. కారును త్రాడుకట్టి లాగించుకొని, గాస్కెట్టు మార్చిన షెడ్డుకే చేర్చితిని. ఆ షెడ్డు నా పూర్వశిష్యునిది. వాడు నా యెదుటనే తొట్టి దింపెను. నూనెను పీల్చు జల్లెడకు జిగురుముక్కలు, వానపాములవలె, అడ్డుపడి యున్నవి. గాస్కెట్టు జిగురు పలుచగా పూయవలెను. ఎక్కువ పూసినచో బిగించినప్పుడు లోపలికి పొంగి, ఎండి, రాలి నూనెలో పడును. బేరింగులు నల్లబడి, షాఫ్టు గీతలుపడి యుండెను.

శిష్యుడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మాస్టారూ, తప్పు నాదండీ. ఖర్చంతా నేనే పెట్టుకుంటాను" అనెను. వెనుక నిలిచిన పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు తలవంచుకొనెను. పూసినది వాడేయని నాకప్పుడు తెలిసినది. "పని చేసినవాడు వాడు కదా, తప్పు నీది ఎట్లయ్యెను నాయనా?" అని యడిగితిని. "జిగురు పుయ్యమని చెప్పానండీ. ఎంత పుయ్యాలో చెప్పలేదు. కారకూడదంటే ఎక్కువ పుయ్యాలనుకున్నాడు పాపం" అని వాడు బదులు చెప్పెను.

శ్రోతలారా, ఆ మాట నన్ను తాకినది. ఈ శిష్యుడు ఎనిమిదవ తరగతిలో నుండగా ఛందస్సులో గణము తప్పినందులకు నేను బెంచీపై నిలువబెట్టితిని. అతడు గణవిభజన పాఠమునాడు జ్వరముతో బడికి రాలేదని నాకు తరువాత తెలిసినది. తెలిసియు మరల ఆ పాఠము చెప్పలేదు. నేను చేయని పనిని, చదువు నడుమనే మానిన ఆ శిష్యుడు నూనెమరకల నేలపై నిలిచి చేసెను. దోషమును కుఱ్ఱవానియొద్ద ఆపక, అది పుట్టిన చోటువఱకు తీసికొనిపోయెను. ఖర్చులో సగము నేను భరించితిని; దీపము మిణుకుమన్నప్పుడు ఆగనివాడను నేనే కదా.

ఆ షెడ్డులో నేడు ఒక నల్లబల్ల యున్నది. ఇంజను విప్పినప్పుడు తీసిన ప్రతి బోల్టు లెక్కయు దానిపై వ్రాయుదురు. ఒకడు బిగించిన దానిని మఱియొకడు రెంచితో సరిచూచి సుద్దతో గుర్తు పెట్టును. నడుమ ఎవరైన పిలిచి పని ఆగినచో, ఆగిన చోటునుండి గాక మొదటినుండి సరిచూతురు. జిగురెంత పూయవలెనో, ఒక పాత మూతపై పూసి చూపిన నమూనా గోడకు వ్రేలాడుచున్నది. ఆ కుఱ్ఱవాడే దానిని పూసినాడట.

లీలాండు భాగములను నిర్దుష్టము చేసెను. ఫోర్డు పనిని పంచెను. టార్కు రెంచి బిగువును కొలిచెను. కాని ఒక చేయి చేసినది తరువాతి చేతికి తెలియుట, పొరపాటు చేసినవాడు భయములేక చెప్పుట, చెప్పినదానిని పైవాడు పాఠముగా మార్చుట, ఇవి కూడ కూర్పులోని భాగములే. ఇవి వదులైనచో తక్కిన బిగింపులన్నియు వ్యర్థము. మీ యింటికి వచ్చు మెకానిక్కును "త్వరగా కానిమ్మ"ని తొందరపెట్టునప్పుడు ఈ మాట ఒక్కమారు తలచుకొనుడని ప్రార్థన.